బాతు కడుపులో ముడి

"గుడ్డ పోయింది రా!"

నరసయ్య గొంతు చించుకుని అరిచాడు. అయినా పక్కనే ఉన్న అభిజిత్‌కు తప్ప ఇంకెవరికీ వినపడలేదు. అది నేతగాళ్ళుండే దాజీ పేట్‌లో పవర్‌లూమ్ షెడ్డు. మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే ఏ దేశపు సీక్రెట్ మైక్ అయినా చెవులు మూసుకుని పారిపోవాల్సిందే. అందుకే మన గూఢచారి శాఖ తన అతి రహస్యమైన బ్రాంచ్‌ని అక్కడ పెట్టింది. నమ్మనివాళ్ళు వెళ్ళి అడగొచ్చు. అలాంటిదేం లేదంటారు. అంత రహస్యం మరి!

బయటికి నరసయ్య చద్దర్లు నేయించే సేటు. లోపల బ్రాంచ్ చీఫ్. అభిజిత్ ఆయన అన్న కొడుకు, ఏజెంట్, కోడ్ నేమ్ 'నాడె'. మగ్గంలో ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయే నాడెలా ఎక్కడికైనా దూరిపోతాడని ఆ పేరు. తండ్రి పోయాక అతన్ని పెంచింది నరసయ్య. పోగు పట్టడం నేర్పింది ఆయనే, పిస్టల్ పట్టడం నేర్పిందీ ఆయనే.

"ఏ గుడ్డ కాకా?"

"ఇంకేది? మన గుడ్డ!"

ఆ షెడ్డులోనే నేసిన గుడ్డ అది. నిప్పులో వేసినా కాలదు. దాన్ని కప్పుకున్న జవాను శత్రువు థర్మల్ కెమెరాకు కనపడడు. రుమాలంత ముక్క దేశం దాటినా చాలు, గుట్టు విప్పేస్తారు. సరిహద్దులో మనవాళ్ళకు దాక్కునే దిక్కుండదు.

"కొనేటోడు విక్టర్. హోట్గి రోడ్ల కొత్త చైనీస్ హోటల్ల ఇయ్యాల మధ్యాన్నం పెకింగ్ డక్ ఆర్డర్ ఇచ్చిండు. గుడ్డను బాతు కడుపుల పెట్టి, కుట్టి, భట్టీల కాలుస్తరు. బాతు కాలి గుడ్డ కాలకపోతే సౌదా పక్కా."

"అమ్మేది ఎవరు?"

నరసయ్య తల దించుకున్నాడు. "హర్షద."

మగ్గాల మోతలో కూడా ఆ పేరు స్పష్టంగా వినపడింది. హర్షద విక్టర్ ముఠాలోకి మన తరఫున దూరిన డబుల్ ఏజెంట్. నవ్వితే ఎదుటివాడు తన పాస్‌వర్డ్ తానే చెప్పేసేంత అందగత్తె. వచ్చే నెలలో అభిజిత్‌తో ఆమెకు నిశ్చితార్థం.

"ఖరా చెప్తున్నవా కాకా? నిజమేనా?"

"నాకు మాత్రం సంతోషమా రా? గుడ్డ బయటికి రాంగనే సీదా పోయి ఆమె చెయ్యి పట్టుకో. ఇంకేం చూడకు. షెడ్డులనే కూసోని నీ చెవుల మాట్లాడ్త."

ఆ మధ్యాహ్నం బాతు కోసే షెఫ్‌గా అభిజిత్ తయారయ్యాడు. నెత్తిన మూరెడు తెల్ల టోపీ, అందులో మైక్. చెవిలో బటాణీ గింజంత ఇయర్‌పీస్. కత్తి పిడిలో కెమెరా.

హోటల్ నిండా కాగితం లాంతర్లు. ఒక మూల నీలం నగర్ నుంచి వచ్చిన కుటుంబం మెనూ చూసి గుడ్లు తేలేసింది. "అయ్యో దేవా, ఒక బాతుకు ఇంతనా! నాకైతే వెజ్ మంచూరియా చెప్పు. షేంగా చట్నీ, అదే పల్లీల పొడి, ఉంటదా బాబూ?" అని పెద్దావిడ వెయిటర్‌ని అడుగుతోంది.

ఇంకో మూల విక్టర్, ఎర్రగడ్డం. ఎదురుగా జరీ అంచు నల్లచీరలో హర్షద. అభిజిత్ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. బాతు బెల్లం పాకంలో ముంచి తీసినట్టు నిగనిగలాడుతోంది.

"తోలు కరకరలాడాలి," అన్నాడు విక్టర్. కోడ్ వర్డ్.

"మాంసం మెత్తగుండాలి," అంది హర్షద.

జవాబు చెప్పింది ఆమే. అభిజిత్‌కు ఇక కాకా మాట నమ్మక తప్పలేదు.

"కోయ్ రా, లౌకర్, జల్ది!" అంది చెవిలో కాకా గొంతు.

కత్తి కొన బాతు కడుపు కుట్టు దగ్గరకు చేరి ఆగిపోయింది.

కుట్టు కొసన ముడి. వంటవాడు వేసే ముడి కాదు. తెగిన పోగును అతకడానికి నేతపనివాడు వేసే ముడి. అదీ ఎడమచేతి వాటంతో పడింది. దాజీ పేట్ మొత్తంలో అలా వేసే చెయ్యి ఒక్కటే. చిన్నప్పుడు తన వేళ్ళు పట్టుకుని ముడి నేర్పిన చెయ్యి.

"కాకా," అన్నాడు అభిజిత్ మెల్లగా. "బాతు కడుపు ఎవరు కుట్టిండ్రు?"

చెవిలో నిశ్శబ్దం. అప్పుడు తట్టింది అతనికి. షెడ్డులో ఉంటానన్న ఆ గొంతు వెనక ఇందాకటి నుంచీ మగ్గం మోత లేదు.

వంటగది తలుపు తోసుకుని నరసయ్య వచ్చాడు. చేతి మీద న్యాప్‌కిన్, దాని కింద పిస్టల్.

"ఎందుకు కాకా?"

"ఆ గుడ్డ నాది రా! రాత్రింబగళ్ళు నేనే నేసిన. ఢిల్లీల ఇంకొకడు నేను చేసిన అని మెడల్ ఏసుకున్నడు."

"హర్షద పేరెందుకు చెప్పినవ్?"

"ఆమె వీన్ని పోనియ్యదు. నువ్వు ఆమెను పట్టుకునే గడబిడల వీడు జారుకుంటడని." నరసయ్య కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. "నా మాట కాదనవని తెల్సు కదరా."

ఈలోగా విక్టర్ బాతు కడుపు చీల్చి గుడ్డ ముక్క లాగాడు. కాలలేదు, కమిలిపోలేదు. దాన్ని పల్చటి రొట్టెలో పెట్టి, పైన ఉల్లికాడ, సాస్ వేసి చుట్టేశాడు. ఏ చెక్‌పోస్ట్ వాడు చూసినా అది తినే చుట్టే. లేచాడు.

హర్షద సాస్ గిన్నె ఎత్తి అతని కళ్ళలో కొట్టింది. రొట్టె చుట్ట గాలిలోకి ఎగిరింది. అభిజిత్ అందుకున్నాడు. కాలదు, చినగదు, దాచే చోటు లేదు. మొత్తం నోట్లో కుక్కుకుని మింగేశాడు.

సగం దిగి గొంతులో అడ్డం పడింది. మొహం నల్లబడింది. కళ్ళు తేలిపోయాయి.

"అయ్యో, ఊపిరాడ్తలేదు పోరనికి!" నరసయ్య పిస్టల్ టేబుల్ మీద పడేసి ఉరికొచ్చాడు. వీపు మీద దబదబా చరిచాడు. గ్లాసు పెదాలకు ఆనించాడు. "నీళ్ళు తాగు బిడ్డా, మెల్లగ... దిగిందా?"

దిగింది. అభిజిత్ ఊపిరి పీల్చుకునేసరికి ఆ ఎడమచేతికి హర్షద బేడీ వేసేసింది. వెయిటర్ల వేషంలో ఉన్న ఆమె మనుషులు విక్టర్‌ని కదలనివ్వలేదు.

"మీ బ్రాంచ్‌లనే ఎవరో అమ్ముతున్నరని ఢిల్లీకి తెల్సు," అంది హర్షద. "వాన్ని పట్టుకునేందుకే ముఠాల ఉన్న. నిన్ను మాత్రం ఒక్క రోజు కూడ అనుమానించలే అభీ. నువ్వు నన్ను?"

అభిజిత్ నోట్లో ఇంకా సాస్ రుచి ఉంది. వెయిటర్లు నడిపించుకుపోతుంటే నరసయ్య వెనక్కి తిరిగి, "ఇంకొంచెం నీళ్ళు తాగు రా," అన్నాడు. అభిజిత్ గ్లాసు ముట్టుకోలేదు.

సాయంత్రం ఢిల్లీకి రిపోర్ట్ హర్షదే పంపింది: "చీఫ్ దొరికాడు. గుడ్డ రేపు పొద్దున్నకల్లా దొరుకుతుంది. ఏజెంట్ నాడెను ఉంచుకోవాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. నేనింకా తేల్చుకోలేదు."