మూడో లెవెల్లో వెండెల్

అరిజోనా ఎండ ముదరకముందే ఆట ముగించుకోవాలి. అందుకే రిటైరైనవాళ్లు ఉండే ఆ కాలనీలో ఆరింటికల్లా అందరూ బూట్లు తొడిగేస్తారు. వెండెల్ కూడా ఓట్స్ తిని, టోపీ పెట్టుకుని, బ్యాటు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాడు. అతని భార్య మార్లిస్ వంటింట్లో కప్పులు కడుగుతూ కాలనీలో తిరగడానికి వాడే గోల్ఫ్ కార్టు చప్పుడు కోసం చెవి ఒగ్గింది. ఎంతకీ చప్పుడు రాలేదు. తలుపు ఓరగా తీసి చూసింది. భర్త స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. పిలవాలి కదా? పిలవలేదు. మెల్లగా తలుపు మూసి, కడిగిన కప్పులనే మళ్లీ కడిగింది. కొన్నాళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే, చూసీ చూడనట్టు ఉండటం. చివరికి కార్టు బయల్దేరిన చప్పుడు విన్నాక గానీ కుళాయి కట్టేయలేదు.

అంతలో ఫోన్ మోగింది. ఆట కోర్టుల దగ్గర ఎవరు ఎవరితో ఆడాలో చూసే డ్వైట్.

"మార్లిస్, నువ్వైనా మీ ఆయనకి కాస్త చెప్పు. పోటీకి మూడో లెవెల్లో పేరిచ్చాడు."

"మూడేంటి? ఆయన నాలుగు కదా!"

"గొడవంతా అదేగా! మెడల్ కొట్టేయడానికి దిగాడని ఇక్కడందరూ చిందులేస్తున్నారు. నేనెంతమందికని సర్దిచెప్పను?"

వాళ్లాడే పికిల్‌బాల్ పొట్టి బ్యాట్లతో ఆడే టెన్నిస్ లాంటిది; అందులో ఎవరి లెవెల్ వాళ్లే చెప్పుకోవాలి. బంతి నెట్ దాటితే చాలనుకునేవాళ్లది రెండు. నిలకడగా ఆడగలిగితే మూడు. అవతలివాడు ఏం కొట్టబోతున్నాడో ముందే పసిగట్టగలిగితే నాలుగు. ఎక్కువ చెప్పుకున్నవాణ్ణి చూసి నవ్వి ఊరుకుంటారు. తక్కువ చెప్పుకుని కింది లెవెల్ వాళ్లలో దూరినవాణ్ణి మాత్రం దొంగ అంటారు. ఆ కాలనీలో అంతకన్నా చెడ్డపేరు లేదు.

చెప్పుకుంటే వింతగానే ఉంటుంది గానీ, ఆ మాట విని మార్లిస్‌కి కాస్త ఊరట కలిగింది. దొంగాటైతే తిట్టి మాన్పించొచ్చు. దేవుడా, ఇది దొంగాటే కావాలి అనుకుంటూ ఆమె గబగబా కోర్టుకి నడిచింది.

వెళ్లేసరికి ఆట జోరుగా సాగుతోంది. వెండెల్ బంతిని నెట్ అంచున ఎంత సుతారంగా వేశాడంటే, అవతలి ఇద్దరూ నోరెళ్లబెట్టి నిలబడిపోయారు. "మూడో లెవెలట, మూడో లెవెలు!" అని బెంచీ మీద ఎవరో వెక్కిరించారు. మార్లిస్‌కి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఆమెకి ఎంతో హాయిగా ఉంది.

తర్వాత సర్వీసు వెండెల్ వంతు. సర్వీసు చేసే ముందు మన పాయింట్లు, వాళ్ల పాయింట్లు, ఆ పైన ఇది ఒకటో సర్వీసా రెండోదా, ఈ మూడూ పైకి చెప్పాలి. వెండెల్ బంతి పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"నటించింది చాల్లేవయ్యా!" అని అరిచాడు డ్వైట్. "ఆ మెడలేదో మేమే నీ మెళ్లో వేస్తాంలే!"

వెండెల్ కంచె వైపు తిరిగాడు. అవతల నిలబడ్డ భార్యని చూశాడు. సంతలో తప్పిపోయిన పిల్లాడి చూపు అది. మార్లిస్ కోపం చప్పున చల్లారిపోయింది. బయటివాళ్లు స్కోరు చెప్పకూడదని తెలిసీ, "ఏడు, అయిదు, రెండు!" అని అరిచింది.

ఆట ఆగిపోయింది. ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంటి ఎన్నాళ్ల నుంచి?"

"వెండెల్, నా దగ్గర కూడానా?"

అతను బ్యాటు పిడి నలుపుతూ కూర్చున్నాడు. "చేతులకేం కాలేదు. కొట్టమంటే కొడతాను. కానీ కొట్టాక... ఎంతయిందో, ఎటు నిలబడాలో తెలీదు. నాలుగో లెవెల్లో ఒక్కసారి తడబడితే చాలు, ఊరంతా పాకుతుంది. మూడో లెవెల్లో అందరూ మర్చిపోతారు మార్లిస్. ఎంతయింది, ఎంతయింది అని ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు. వాళ్లలో ఉంటే నేను కనబడను."

"నాతో చెప్పొచ్చుగా! డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లం."

"అందుకే చెప్పలేదు. వాళ్లూ ఏవో ప్రశ్నలడిగి నాకో లెవెల్ వేస్తారు. ఇక్కడ లెవెల్ పడిపోతే మళ్లీ ఎక్కొచ్చు. అక్కడిది ఇక దిగడమే." అతను బ్యాటు పక్కన పెట్టేశాడు. "నాకు చాలా భయంగా ఉంది."

మార్లిస్ ఏడ్చేసింది. "నాకు మాత్రం లేదనుకున్నావా? పొద్దున నువ్వు గరాజ్‌లో అలా కూర్చుని ఉంటే చూశాను. చూసి తలుపు మూసుకున్నాను. నువ్వు వాళ్ల మధ్య దాక్కున్నావు, నేను ఇంట్లోనే దాక్కున్నాను. ఇద్దరం ఇద్దరమే!"

డ్వైట్ అట్టకి తగిలించిన పేర్ల కాగితంతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఇంతకీ ఏం రాయమంటావు? మూడా, నాలుగా?"

మార్లిస్ ఏదో ఒకటి చెప్పి పంపేద్దామనుకుంది. ఆమె కన్నా ముందు వెండెలే నోరు విప్పాడు.

"నా పేరు కొట్టేయ్ డ్వైట్. నటన కాదు. నాకు గుర్తుండటం లేదు."

డ్వైట్ ముఖం చిన్నబోయింది. వచ్చి స్నేహితుడి పక్కన కూర్చున్నాడు. నేలకేసి చూస్తూ, "అయినా పొద్దున్నే రావడం మానకు. లెక్క నేను చెబుతాలే," అన్నాడు.

మార్లిస్ అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, అపాయింట్‌మెంట్ ఎవరికండీ అని అడిగింది. అది చిన్న ప్రశ్నే. మార్లిస్‌కి ఎంత ప్రయత్నించినా భర్త పేరు నోట్లోంచి రాలేదు.

వెండెల్ ఆమె చేతిలోంచి మెల్లగా ఫోన్ అందుకున్నాడు.

"నాకేనమ్మా," అన్నాడు.