రేగుముళ్ల మీద శనగలు

"తాళం వాళ్ల దగ్గరుంటే అది మన బాట ఎట్లయితదిరా?" నానిన శనగలు చేటలో పోస్తూ మళ్లీ అడిగింది కేస్లీబాయి.

"పొద్దటి నుంచి అదే మాట యాడీ! కాలనీ గోడకు గేటు పెట్టిన్రు, పండుగకు రమ్మంటున్రు. ఇంకేం గావాలె?" కొడుకు రమేష్ విసుక్కున్నాడు.

"లారీల నడుమకెళ్లి బుట్టలు మోసుడు నాతోని కాదు దాదీ," మనవరాలు రోజారాణి తండ్రి వైపు చేరింది.

శామీర్‌పేట దగ్గరి ఆ లంబాడీ తండా నుంచి చెరువుకు పోయే బాట మీదే విల్లాల కాలనీ లేచింది. గోడ కట్టిన ఏడాది, తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టలను చెరువులో కలపడానికి ఎత్తుకుని కాలనీలోంచి వెళ్లబోయిన ఆడపిల్లలను దొంగలని పోలీసులకు పట్టించారు. అప్పటి నుంచి పండుగ ఊరేగింపు హైవే మీదుగా చుట్టూ తిరిగి చెరువు చేరుతోంది. మనవరాలి కష్టం కేస్లీబాయికి తెలుసు. కానీ సొంత బాటకు ఎవరినో బతిమాలడం ఆమెకు మింగుడుపడలేదు.

అంతలో కాలనీ అధ్యక్షుడి భార్య పార్వతీదేవి, కూతురు హర్షితతో వాకిట్లోకి వచ్చింది.

"పండుగరోజు మీరంతా మా గేటు గుండానే వెళ్లాలండీ."

"పండుగ తెల్లారి మేకలు తోలుకొని వస్తే? తాళం తీస్తరా, పోలీసులను పిలుస్తరా?" నిలదీసింది కేస్లీబాయి.

రమేష్ కంగారుపడ్డాడు. పార్వతీదేవి తల దించుకుంది. "ఆ రోజు ఫోన్ చేసింది మా ఆయనే. చాలా పెద్ద తప్పండీ. ముందు క్షమించమని అడగాల్సింది."

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. కేస్లీబాయి చాప జరిపింది. "కూసో బిడ్డా."

వాకిట్లో పాతిన రేగు కొమ్మ చుట్టూ అప్పటికే ఆడపిల్లలు మూగారు. తీజ్ బుట్టల్లో గోధుమలు చల్లే ఈ మొదటి రోజున ముళ్లకు శనగలు గుచ్చాలి. మగపిల్లలు కొమ్మ ఊపుతున్నా, వేలికి ముల్లు దిగినా కిక్కురుమనకూడదు. రోజారాణి హర్షితను లాక్కుపోయింది.

"అమ్మో!"

"ఓడిపోయినవ్!" వాకిలంతా నవ్వులు.

"ఇంకోసారి!" హర్షిత పెదవి కరుచుకుని ఈసారి గుచ్చేసింది.

"నేనూ గుచ్చనా?" పార్వతీదేవికి ఉత్సాహం ఆగలేదు.

"ఇది పెండ్లిగాని పిల్లలది. నువ్వు పోయి మీ ఆయనను గుచ్చు!" అంది కేస్లీబాయి.

పార్వతీదేవి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, అక్కడే ఫోన్ తీసింది. "ఏవండీ, ఆ గేటు తలుపు ఊడదీయించండి. భద్రతా లేదు, గిద్రతా లేదు, దారి వాళ్లది. అధ్యక్షులు మీరేగా! ఉప్మా మూకుట్లో ఉంది, పెట్టుకు తినండి."

సాయంత్రానికి గేటు ఉన్నచోట ఖాళీ మిగిలింది. రమేష్ స్వయంగా వెళ్లి చూసి వచ్చాడు.

రాత్రి అందరూ రొట్టెల ముందు కూర్చున్నాక కేస్లీబాయి మెల్లగా అంది: "తీజ్ ఈసారి పాత బాటనే పోతది. హర్షితకు గూడ ఒక బుట్ట పెడుదాం. తొమ్మిది దినాలు మొలకలకు నీళ్లు పోయనీకి రోజూ ఆ బాటనే నడిచి వస్తది."