తన్నుకు రెండు పాయింట్లు

"ఆగండాగండి! కాలు తియ్యండి!" అని వెల్డన్ అరిచేసరికే వెర్నా కాలు తడి సున్నంలో పడిపోయింది.

ఆగస్టు ఎండలో ఒక్కడే, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ మైదానమంతా గీసుకుంటూ వస్తున్నాడతను. ఆఖరి గీత మీద ఇప్పుడు ఆడమనిషి బూటు ముద్ర.

"సారీ. అయినా మీ గీతలే తప్పు. ఫుట్‌బాల్ మైదానమంటే వంద గజాలు. మీరు ఎనభైకే ఆపేశారు. సున్నం చాల్లేదా?"

"మీదేవూరండీ?"

"డాలస్."

"అదీ సంగతి! అక్కడ జట్టుకి పదకొండు మంది. మా సెడార్ ఫ్లాట్ బడిలో ఆడే మగపిల్లలు మొత్తం కలిపి తొమ్మిది మంది. అందుకే ఆరుగురితో ఆడతాం, ఎనభై గజాలే పరిగెడతాం. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఆరే పాయింట్లు. దాని తర్వాత బంతిని తన్ని కొయ్యల మధ్యనుంచి పంపితే రెండు, మోసుకెళ్తే ఒకటి."

"తిరగేసి చెప్తున్నారు. తంతే ఒకటి, మోసుకెళ్తే రెండు."

"అది మీ ఊళ్ళో. ఇక్కడ ఆరుగురిలో కాచేదెవరు, తన్నేదెవరు? కష్టానికి ఇంకో పాయింటు."

"కొత్త లెక్కల టీచర్‌కే లెక్కలు నేర్పుతున్నారు," అని నవ్వేసి వెళ్ళిపోయింది. బూటు ముద్ర మీద సున్నం పోయడానికి వెల్డన్‌కి చాలాసేపు చెయ్యి రాలేదు.

లెక్కలు వచ్చిన మనిషని కోచ్ డీట్జ్ ఆవిడకి స్కోరుబోర్డు అప్పజెప్పాడు. గట్టు పక్కన గజాలు కొలిచే గొలుసు పట్టుకునేది వెల్డన్. మూడు నెలలు బంతిని చూసిందానికంటే మెట్ల పైన ఆవిడ కూర్చునే చెక్క గదిని చూసిందే ఎక్కువ. ఆట అయ్యాక రెండు మాటలు, కాఫీ, కాస్త వేళాకోళం. అంతే.

నవంబరులో ఆవిడకి డాలస్ నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద బడి, పాత ఉద్యోగం. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి.

"ఏం చెప్తారు?" అని అడిగాడు వెల్డన్.

"ఈ ఊరికి నేనింకా పరాయిదాన్నే కదా," అందావిడ. ఉండిపొమ్మందామనుకుని, వెల్డన్ గొలుసు కర్ర తుడవడం మొదలుపెట్టాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పక్కూరు బోన్ క్రీక్‌తో ఆట. ఓడితే ఆ ఏటికి అంతే. మూడో భాగం చివర్లో టచ్‌డౌన్‌తో బోన్ క్రీక్ వాళ్ళకి ముప్ఫై నాలుగు, మనకి ముప్ఫై ఆరు. వాళ్ళ కుర్రాడు బంతిని తన్నాడు, కొయ్యల మధ్యనుంచి పోయింది. సరిగ్గా అప్పుడే వాన దబదబా దిగింది. జనమంతా గొడుగుల కోసం, టోపీల కోసం తడుముకున్నారు.

వెల్డన్ మాత్రం అలవాటుగా పైకి చూశాడు. బోర్డు మీద ముప్ఫై అయిదు.

ముప్ఫై ఆరు ఉండాలి. డాలస్ చెయ్యి ఒకటే వేసింది.

ఎవరో ఒకరు అరుస్తారనుకున్నాడు. ఎవరూ అరవలేదు. నాలుగో భాగం సాగుతోంది, వాన సాగుతోంది. ఇంక రెండు నిమిషాలు. బంతి మనవాళ్ళ చేతిలోనే ఉంది.

"ఒక పాయింటు ముందున్నాం!" అని కోచ్ కేకేశాడు. "ఎవడూ హీరో అవ్వక్కర్లేదు. బంతి పొట్టకి కరుచుకుని పడుకోండి, గడియారాన్ని తిరగనివ్వండి!"

వెల్డన్ మళ్ళీ బోర్డు చూశాడు. చెప్తే ఊరంతా ఆవిడ మీద పడుతుంది. సోమవారం దాకా కూడా ఆగదు, పెట్టె సర్దేస్తుంది. చెప్పకపోతే దొంగ గెలుపు.

గొలుసు కర్రని పక్కనున్న పాస్టర్ చేతిలో పెట్టి మెట్లెక్కాడు.

"వెర్నా, ఆ చివరి తన్నుకి ఎంత వేశారు?"

ఆవిడ బోర్డు చూసింది, స్కోరు పుస్తకం చూసింది. మొహం పాలిపోయింది. "ఒకటి."

"నేను తప్ప ఎవరూ చూడలేదు. నేను... నేను కూడా చూడలేదనుకోండి."

"చూశారు. చూశారు కాబట్టే మెట్లెక్కారు. ఇప్పుడెందుకు అబద్ధం?"

"మీరు వెళ్ళిపోతారని."

ఆవిడ ఒక్క క్షణం అతని వంకే చూసింది. తర్వాత రిఫరీకి వినబడేలా మైకు అందుకుంది.

"స్కోరులో తప్పుంది. బోన్ క్రీక్‌కి ముప్ఫై ఆరు. తప్పు నాది."

ఆట ఆగింది. మెట్ల మీది జనంలో గొడవ లేచింది. "డాలస్ తెలివి!" అన్నారెవరో. "వాళ్ళ మనిషివా, మా మనిషివా?" అన్నారింకెవరో. రిఫరీ పుస్తకం చూసి తల ఊపాడు. వెర్నా అంకె మార్చింది. వెల్డన్ కిందికి దిగలేదు, పక్కనే నిలబడ్డాడు.

ఇప్పుడు సమానం. పడుకుంటే కుదరదు. మన కుర్రాడు బంతి విసిరాడు. తడి బంతి జారింది, బోన్ క్రీక్ వాడు గాల్లోనే అందుకుని అటు చివరిదాకా పరిగెత్తాడు.

నలభై రెండు, ముప్ఫై ఆరు. ఆట అయిపోయింది.

కోచ్ డీట్జ్ తడిసిన టోపీతో ధడధడా మెట్లెక్కి వచ్చాడు. వెల్డన్ అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోరా అబ్బాయ్, నేనేం కొరకను." కోచ్ వెర్నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, ఇరవై ఏళ్ళుగా పిల్లలకి నిజాయితీ గురించి ఉపన్యాసాలిస్తున్నాను. ఒక్కడూ వినలేదు. ఇవాళ నోళ్ళు తెరుచుకుని విన్నారు." టోపీ పిండుకున్నాడు. "కానీ వచ్చే ఏడు గెలవాలి. ఆ కూడికలేవో ఈలోగా నేర్చుకోండి."

ఆయన దిగిపోయాడు. కింద మైదానంలో గీతలన్నీ పాలలా కారిపోతున్నాయి.

"ఇవి మళ్ళీ ఎప్పుడు గీస్తావు?" అంది వెర్నా.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని వెల్డన్‌కి కాస్త ఆలస్యంగా తట్టింది.

"ఆగస్టులో."

"అప్పటిదాకా ఏం చేస్తావు?"

"గడ్డి పెంచుతాను."

"తొమ్మిది నెలలు గడ్డి పెరగడం చూస్తూ కూర్చోవాలా నేను?"

"కూర్చుంటావా?"

"ముందు నువ్వు అడగాల్సింది అడుగు, వెల్డన్."

ఉండిపొమ్మని అడిగాడు.