తలుపు పట్టుకున్న చేతులు

వాన మొదలై గంటైంది. రావికమతం వెళ్లే రోడ్డు దిగి, చెరకు తోటల అంచున ఉన్న ఒంటిగది రేకుల ఇంట్లో నూకరత్నం కూతురి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. సాయంత్రం ఆరైనా కాలేదు, అప్పుడే చీకటి కమ్మేసింది. కరెంటు లేదు. తడిసిన చెరకాకు వాసన గదంతా నిండిపోయింది.

చిన్నమ్మికి తొమ్మిదేళ్లు. మూడు రోజులుగా జ్వరం. ఉత్త జ్వరమే అయితే నూకరత్నం ఇంత బెదిరేది కాదు. పొద్దు వాలగానే ఆ గుంట లేచి, కళ్లు మూసుకునే తలుపు తీసుకుని చెరకు తోటలోకి నడిచిపోతోంది. "ఎవురే పిలిసేరు?" అని అడిగితే, "నువ్వే గదమ్మా," అంటోంది.

భర్త శివాజీకి గాజువాకలో డ్యూటీ. ఆదివారం గాని రాడు. గుంటని ఆస్పత్రికి తీసుకెళ్లమని పక్కింటి గున్నమ్మ మొదటిరోజే చెప్పింది. "దేవుడు సూసుకుంటాడు పిన్నీ," అంది నూకరత్నం. ఆమె బాప్తిస్మం తీసుకుని ఆర్నెల్లే అయింది. మందుల కోసం పరిగెడితే నమ్మకం తక్కువైందని ప్రభువు అనుకుంటాడేమోనని లోలోపల ఒక భయం. అది ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం పాస్టరు పెదబాబు గారు వచ్చి ప్రార్థన చేశారు. లేచి, పిల్ల చెయ్యి పట్టుకు చూసి, కోప్పడ్డారు.

"దేవుడు సూసుకుంటాడమ్మా. కాదన్నానా? మరి నీకు సేతులెందుకిచ్చేడు? ఒళ్లు కాలిపోతంది గదా. సోడవరం ఆస్పత్రికి తీసుకుపోదాం, ఆటో తెస్తాను."

తలుపు గెడ ముందురోజే ఊడిపోయింది. చిన్నమ్మే పీకేసింది, అంత నీరసంలోనూ. వెళ్తూ వెళ్తూ పాస్టరు గారు గుమ్మంలో ఆగారు. "పొద్దు వాలేక, నేనొచ్చేదాకా తలుపు మీంచి సెయ్యి తియ్యకమ్మా. ఎవురు పిలిసినా సరే."

వానకి ఆటోలు దొరకలేదు కాబోలు. ఎంతకీ రారు. నూకరత్నం తడిగుడ్డ పక్కన పెట్టి లేచి, రెండు చేతులూ తలుపుకి ఆనించి నిలబడింది. రేకుల మీద వాన హోరు. ఆ హోరులోంచి...

"చిన్నమ్మీ... రాయే."

నూకరత్నం తలుపుకి చెవి ఆనించింది. అది తన గొంతు. అచ్చంగా తన గొంతే. బయట నుంచి.

మంచం కిర్రుమంది. చిన్నమ్మి లేచి కూర్చుంది. కళ్లు మూసే ఉన్నాయి.

"వస్తన్నానమ్మా..."

"వద్దే! నేనిక్కడున్నానే!" నూకరత్నం బలమంతా పెట్టి తలుపుని నొక్కింది. పిల్ల మెల్లగా వాలిపోయింది. బయట కాసేపు ఏమీ లేదు. తర్వాత పాస్టరు గారి గొంతు.

"నూకరత్నం."

"అయ్యగారూ! ఆటో వచ్చిందా?"

"సేతులు నొప్పెడతన్నాయా?" ఆ గొంతు చాలా దగ్గరగా ఉంది. తలుపు పగులుకి పెదవులు ఆనించి మాట్లాడుతున్నట్టు. "దేవుడు సూసుకుంటాడని నువ్వే గదా అన్నావు. ఆయన ఆపాలనుకుంటే ఈ తలుపు దానంతటదే ఆగుతాది. నువ్వు పట్టుకున్నావంటే... నీకు నమ్మకం లేనట్టే గదా."

ఎవరికీ చెప్పని మాట అది. నూకరత్నానికి నిజమే కదా అనిపించింది. ఒక చెయ్యి తీసింది. తర్వాత... రెండోది.

తలుపు కదల్లేదు.

అప్పుడు మనసుకి తట్టింది. పాస్టరు గారు తనని ఎప్పుడూ పేరు పెట్టి పిలవరు. 'అమ్మా' అంటారంతే.

 ఒక్క ఉదుటున మంచం మీదికి దూకి పిల్లని వాటేసుకుంది. కొంగు తీసి పిల్ల నడుముకీ తన నడుముకీ కలిపి ముడేసింది. మళ్లీ ముడేసింది. "ప్రభువా, తప్పయిపోయింది... వదిలేసేను... వదిలేసేను..."

దబ్! తలుపు మీద దెబ్బ. మళ్లీ దబ్! దబ్! తలుపు మాత్రం గోడలా ఉంది.

"అమ్మా! తలుపు తియ్యమ్మా!"

పగుళ్లలోంచి ఆటో లైటు. నూకరత్నం పిల్లతో సహా లేచి వెళ్లి వేలు తగిలించిందో లేదో, తలుపు తెరుచుకుంది. పెదబాబు గారు, ఆటో నడిపే శ్యాంప్రసాద్ తడిసి ముద్దై నిలబడి ఉన్నారు.

"అంత గట్టిగా పట్టుకున్నావేటమ్మా? ఇద్దరం తోసినా రాలేదు."

"నేను పట్టుకోలేదయ్యగారూ."

పెదబాబు గారు లోపలికి వచ్చారు. సెల్‌ఫోను లైటు వేసి తలుపు లోపలి వైపు చూశారు. వెంటనే ఆర్పేశారు. "పదమ్మా. పద."

టైఫాయిడ్ అన్నారు ఆస్పత్రిలో. ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నారు. నాలుగో రోజుకి చిన్నమ్మి ఇడ్లీ అడిగింది. సాయంత్రాలు లేవడం మానేసింది.

"ఆ రోజు దేవుడే గదా తలుపు పట్టుకున్నాడు?" ఆస్పత్రి వరండాలో అడిగింది నూకరత్నం. పెదబాబు గారు లేచి, "ప్రార్థన మానకమ్మా," అన్నారు. అంతే.

ఇంటికొచ్చాక తలుపు వేసి చూసింది. లోపలి వైపు, తన తలకంటే జానెడు పైన, రెండు అరచేతుల మట్టి ముద్రలు ఎండిపోయి ఉన్నాయి. గట్టిగా అదిమిపెట్టిన ముద్రలు.

పైన రేకుల్లోంచి ఎవరో తలకిందులుగా చేతులు చాపినట్టు, వేళ్లు నేల వైపుకి ఉన్నాయి.