చదవని పేర్లు

మ్యాచ్ ఉన్న రోజున ఆ ఇంటాయన నోరు విప్పడు. ఇరవై రెండేళ్లుగా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియంలో మైకు పట్టుకుని జట్ల పేర్లు చదువుతున్న మనిషి. సాయంత్రానికి గొంతు దాచుకోవాలని పొద్దున్నుంచీ మౌనం పాటిస్తాడు, కావలసినవన్నీ చీటీల మీద రాసిస్తాడు. 'టీలో పంచదార తక్కువైంది' అన్న చీటీని భార్య ఒకసారి తిరగేసి, 'డబ్బా మీ చేతికందే ఎత్తులోనే ఉంది' అని రాసి ఇచ్చింది. కాపురం అలా సజావుగానే సాగుతోంది.

ఆ ఆదివారం కూడా ఆయన ఉప్పునీళ్లు పుక్కిలించి, వంటగది బల్ల మీద రెండు జట్ల జాబితాలూ పరుచుకున్నాడు. అతిథి జట్టు కాగితంలో ఏడో నంబరు దగ్గర పెన్సిలు ఆగిపోయింది. కూరలు తరుగుతున్న భార్య ఓరకంట అదే చూస్తోంది. ఆ ఏడో నంబరు వాళ్ల కూతురు.

మూడు నెలల కిందట ఆ పిల్ల సొంత ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు వదిలేసి పక్క ఊరి జట్టులో చేరింది. అప్పటినుంచీ కూతురి విషయంలో ఆయనకు ప్రతిరోజూ మ్యాచ్ రోజే. ఫోనులో దాని గొంతు వినబడితే చాలు, భార్య చేతిలో పెట్టేసి వాకిట్లోకి నడుస్తాడు.

తల్లికి కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది. ఇంట్లో పలకని పేరును ఇరవై వేల మంది ముందు ఈయన ఎలా పలుకుతాడో చూడాలి.

“ఏమండీ, ఏడో నంబరు దగ్గర దగ్గు తన్నుకొస్తుందేమో. ఫ్లాస్కులో వేణ్నీళ్లు పోసివ్వనా?”

'అందరి పేర్లూ ఎలా చదువుతానో అదీ అంతే' అని చీటీ వచ్చింది.

“అయితే నేనూ వచ్చి వింటాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు కదా.”

ఇంతలో తలుపు చప్పుడైంది. కూతురు, ఎదుటి జట్టు ట్రాక్‌సూట్లో. “మా బస్సు పొద్దున్నే వచ్చేసిందమ్మా. నా మోకాలి పట్టీ ఇక్కడే ఉండిపోయింది, తీసుకెళ్దామని.”

మోకాలి పట్టీ ఏ కొట్లోనైనా దొరుకుతుందని తల్లికి తెలుసు. తెలిసినట్టు కనబడనివ్వలేదు.

కూతురు బల్ల దగ్గర నిలబడింది. “ఇవాళైనా మాట్లాడవా నాన్నా?”

'మ్యాచ్ రోజు.'

“మరి నిన్న ఏ మ్యాచ్? మొన్న ఏ మ్యాచ్?”

'మనకు అన్నం పెట్టిన క్లబ్బు అది.'

“అన్నం నీకు పెట్టింది. నాకు బెంచీ వేసింది.”

ఆయన గబగబా రాశాడు. 'ఓపిక పట్టాల్సింది. ఈ ఏడు ఆడిస్తానని కోచ్ అన్నాడు.'

“ప్రతి ఏడూ అదే పాట. మైకాయన కూతుర్ని ఆడిస్తే జనం ఏమంటారోనని కోచ్‌కు భయం. ఎందుకు ఆడించవని అడగడానికి నీకు మొహమాటం.”

పెన్సిలు మొన పుటుక్కున విరిగింది. పోట్లాట మధ్యలో ఆయన చాకు వెతుక్కుని పెన్సిలు చెక్కుకోవడం చూసి భార్యకు నవ్వొచ్చింది. సమయం కాదని మింగేసింది.

కూతురి గొంతు తగ్గింది. “నాలుగేళ్లు నాన్నా. పదకొండో పేరు కింద స్కేలు పెట్టి గీత గీస్తావు చూడు, ఆ గీత కింద ఉండేదాన్ని. మైదానంలోకి దిగినవాళ్లవే చదువుతావు, బెంచీ వాళ్లవి చదవవు. నీ గొంతు పదకొండో పేరు దగ్గర ఆగగానే నేను బూటు లేసు సరిచేసుకుంటున్నట్టు తల దించుకునేదాన్ని. ఒక్కసారి మైకులో నా పేరు నువ్వు చదవగా వినాలనిపించింది. పక్క ఊరివాళ్లు ఆడిస్తామన్నారు, వెళ్లాను. అంతకన్నా పెద్ద ద్రోహమేం లేదు.”

పట్టీ తీసుకోకుండానే వెళ్లిపోయింది. చెక్కిన పెన్సిలు ఆయన చేతిలోనే ఉంది.

భార్య తరుగుతున్న కూరలు పక్కన పెట్టి అడిగింది. “ఆ గీత గీయమని మీకెవరు చెప్పారండీ?”

ఆయన ఆలోచించి ఒకే మాట రాశాడు. 'అలవాటు.'

సాయంత్రం స్టేడియంలో ఆవిడ ఒక నెరిసిన గడ్డం పెద్దాయన పక్కన కూర్చుంది. నెత్తిమీద స్పీకర్లు పలికాయి. లోతుగా, నిదానంగా, గదులన్నీ తెరిచిన ఇల్లులా ఉంది ఆ గొంతు.

“ఏం గొంతండీ,” అన్నాడు పెద్దాయన.

“మా ఇంట్లో దాన్ని కాగితం మీదే చూస్తాం,” అంది ఆవిడ.

ముందు అతిథి జట్టు. ఒకటో నంబరు, రెండో నంబరు, పేరు వెంట పేరు, చప్పగా, వేగంగా. ఆరు అయింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. అప్పుడు వచ్చింది పేరు, ఇంటిపేరుతో సహా. మిగతా ఎవరికీ ఆయన ఇంటిపేరు చదవలేదు. మైదానం మధ్యలో ఒక పిల్ల తలెత్తి మైకున్న అద్దాల గది వైపు చూసింది.

తర్వాత సొంత జట్టు పదకొండు మందీ అయ్యారు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు. మైకు మాత్రం ఆగలేదు.

“ఇక బెంచీ మీద ఉన్నవాళ్లు,” అంది గొంతు.

రెండు వైపులా ఏడుగురేసి, ఒక్కొక్కరి పేరూ తొందరపడకుండా చదివాడు. నీళ్లు తాగుతున్న పిల్లకు పొలమారింది. ఇంకొకతె వెనక్కి తిరిగి చూసింది, తన పేరున్న వాళ్లెవరైనా ఉన్నారేమోనని. చివరి పిల్ల మెల్లగా లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముఖం కప్పుకుంది. ఏం చేయాలో జనానికీ తెలియలేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

“ఇదేం కొత్త పద్ధతి?” అన్నాడు పెద్దాయన. పక్కావిడ చేతిరుమాలు ఇంట్లో మర్చిపోయి ఆయన దగ్గరే అడిగి తీసుకుంది.

మ్యాచ్ సమానంగా ముగిసింది. కూతురి కోసం అతిథి జట్టు బస్సు దగ్గరికి వచ్చిన మైకాయన్ని క్లబ్బు కార్యదర్శి నిలబెట్టి కడిగేస్తున్నాడు. “ఎవరిని అడిగి చదివారండీ? రెండు నిమిషాలు ఆలస్యమైంది.”

“నా లెక్కలో నాలుగేళ్లు ఆలస్యమైందండీ,” అన్నాడాయన బొంగురుగా, కూతుర్నే చూస్తూ.

కార్యదర్శికి అర్థం కాలేదు. కూతురికి అయింది. దగ్గరికొచ్చి ఆయన భుజానికి నుదురు ఆనించింది.

“నేను చదవడం కోసం నువ్వు ఊరు దాటాల్సి వచ్చిందమ్మా. తప్పు నాదే.” మళ్లీ ఆయనే అడిగాడు. “వచ్చే వారం మీ గ్రౌండులోనేగా మ్యాచ్? అక్కడ పేర్లు ఎవరు చదువుతారు?”

“ఒకావిడ. నీ అంత బాగా చదవదు.”

“పర్లేదు,” అన్నాడు. “జనంలో కూర్చుని వింటాను.”