ఊపిరి వదిలి కాల్చు, షఫీ

"వదులుగా పడుకోమంటే కట్టెలాగా బిగుసుకున్నావేంది? నేనేమన్నా సూదేస్తున్నానా?"

షగుఫ్తా మొదటి పలకరింపే అది. నెల్లూరు పిల్ల, అబుదాబి ముసఫా క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. చాప మీద బిగుసుకున్నవాడు షఫీ. కడపవాడు, సెక్యూరిటీ గార్డు.

2006లో షఫీ కంపెనీ ముదీర్‌కి, అంటే మేనేజరుకి, బయాథ్లాన్ పిచ్చి పట్టింది. మంచులో స్కీల మీద పోతూ, మధ్యలో ఆగి గురి చూసి కాల్చే ఆట. అబుదాబిలో మంచెక్కడిది? గార్డులను ఎండలో పరుగెత్తించి చేతికి ఎయిర్ రైఫిల్ ఇచ్చాడు. చెమట వీళ్లది, కప్పు ఆయన గదికి!

పరుగులో షఫీని అందుకునేవాడు లేడు. కాల్చబోతే మాత్రం గుండె దడ, గుండు గోడకి. దడ తగ్గించుకు రమ్మని ముదీర్ క్లినిక్‌కి పంపబట్టి నెలైంది. శుక్రవారం సెలక్షన్‌లో తప్పితే రువైస్ ఎడారి గేటుకి బదిలీ. అక్కడ షగుఫ్తా ఉండదు.

"పిడికిలి బిగించు. వదులు. భుజాలు వదులు. ఊపిరి మెల్లగా వదిలి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కాల. మనసు నెమ్మదించేదాన్ని తలుచుకో."

నాడి పట్టుకుని ఉలిక్కిపడింది. "యా అల్లా! పడుకుంటేనే ఇట్టా కొట్టుకుంటోందే! ఎవర్ని తలుచుకున్నావ్?"

"చెప్తే కొడ్తావు మేడం."

"చెప్పకపోయినా కొడతా."

"నిన్నే."

చటుక్కున చెయ్యి వదిలేసింది. "నన్ను తలుచుకోబాక! మీ క్యాంపు పప్పును తలుచుకో."

"దాన్ని తలుచుకుంటే కోపమొస్తాది. అంతా నీళ్లే."

నవ్వాపుకోలేక అటు తిరిగింది. ఆ రోజుకి శిక్షణ ఖలాస్.

శుక్రవారం. మిగతావాళ్లు కంపెనీ బస్సులో సెలక్షన్ జరిగే క్లబ్బు లోపలికి పోయారు. డ్యూటీ దిగి ఒంటరిగా వచ్చిన షఫీని గేటు కాపలావాడు అమీర్ జాన్ ఆపాడు.

"ఆజ్ ఫ్యామిలీ డే. బ్యాచిలర్ నహీ."

పెళ్లాన్ని తెచ్చుకునేంత జీతమివ్వరు, తేలేదని గేటు మూస్తారు!

పోటీకి ఫిజియోగా వచ్చిన షగుఫ్తా లోపలినుంచి పరుగున వచ్చింది. "ఫ్యామిలీయే. నా మనిషి."

అమీర్ జాన్ పక్కకి జరిగాడు. షఫీ మాత్రం కదల్లేదు.

"గేటు కోసం అన్న్యావా, నిజంగా అన్న్యావా?"

"యల్లా, పద పద, ముందు కాల్చి రా. చెప్తా."

"చెప్పకపోతే మళ్లీ గుండు గోడకే."

"నిజంగానేలే అబ్బయా! మా అమ్మకి నిన్ననే ఫోన్ చేసి చెప్పినా. ఇంక ఊపిరి వదులు!"

పరుగెత్తాడు. పడుకున్నాడు. భుజాలు వాటంతటవే వదులయ్యాయి. టప్, టప్. గురిపలక మీది నల్లచుక్కలన్నీ పడిపోయాయి.

ముదీర్ ఉబ్బిపోతూ వచ్చాడు. "మేడం, ఈ రిలాక్సేషన్ టెక్నిక్ మిగతా గార్డులందరికీ నేర్పండి."

"అందరికీ కుదరదు సార్," అంది షగుఫ్తా, దుపట్టా సర్దుకుంటూ.