ఏలూరు దారిలో కీచుమనే మిల్లు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తుంటే, గుండుగొలను రాకముందే మూతబడ్డ రైసుమిల్లు ఒకటి ఉంది. దానికి మంచి పేరు లేదు. రాత్రి పదకొండు దాటితే లోపల నీలంగా వెలుగుతుందనీ, ఏదో కీచుమని అరిచి ఉన్నట్టుండి ఆగిపోతుందనీ చేపల లారీవాళ్లు చెప్పుకుంటారు. అక్కడ హారన్ కూడా కొట్టరు.

మా కాలేజీ లెక్చరర్ ఫణీంద్రగారు ఈ మాటలకి నవ్వేవారు. ఆయన సైన్సు మనిషి. యంత్ర భాగాలకి పూత వేసే ప్లాస్మా మంటలో పడిన రేణువు — పైన నికెల్ పొర, లోపల పింగాణీలాంటి గింజ — ఎంతసేపట్లో కరుగుతుందో ఆరేళ్లుగా కంప్యూటర్లో లెక్క కడుతున్నారు. పూర్తిగా కరిగిపోతుందని పీహెచ్‌డీ థీసిస్‌లో తేల్చేశారు. సోమవారం వైవా.

శుక్రవారం రాత్రి, ఆయన ఏలూరులో గైడు జగ్గారావుగారిని కలిసి వస్తుంటే... సరిగ్గా ఆ మిల్లు ముందే బైకు ఆగిపోయింది.

చీకటి. కప్పల అరుపులు. అంతలో —

కీచుమని అరుపు. రేకుల సందుల్లోంచి కళ్లు చెదిరే నీలి వెలుగు. తలుపు దగ్గర ఓ ఆకారం నిలబడి ఉంది. దానికి ముఖం లేదు... ముఖం ఉండాల్సిన చోట నల్లగా మెరుస్తోంది.

ఫణీంద్రగారు బైకు వదిలేసి బురదలో కూలబడ్డారు. ఆకారం దగ్గరకొచ్చింది. వంగింది.

"ఏవండీ... దెబ్బేమైనా తగిలిందా అండీ?"

నల్ల హెల్మెట్ పైకి లేచింది. లోపల నలభై ఏళ్ల ఆడమనిషి. పేరు క్రిస్టినా. తర్వాత ఈ సంగతంతా నాకు చెప్పింది ఆవిడే.

"పగలు పక్క ఐస్ ఫ్యాక్టరీ కరెంటంతా లాగేస్తుందండీ. అందుకని రాత్రి పని చేసుకుంటాం. చేపల చెరువు పంపుల షాఫ్టులు అరిగిపోకుండా పూత."

"ఆ... ఆ మంటా, ఆ అరుపూ ఏంటండీ?"

"ప్లాస్మా అండీ."

ఆయన బురదలోంచి లేచి ఆవిడ వెనకే మిల్లులోకి నడిచారట. తర్వాత గొణుగుతూ తన లెక్క సంగతి చెప్పారు. ఆవిడ రాలిన పూత ముక్క ఒకటి తెచ్చి, భూతద్దం కింద పెట్టింది.

"చూడండి, లోపలి గింజ కరగలేదు. రేణువు రెప్పపాటు కూడా మంటలో ఉండదండీ. పైపొర కరుగుతుంది, లోపలికి వేడి చేరే టైముండదు. కరగని గింజ అంటుకోదు. మీ లెక్క నమ్మి ఎవరైనా పూత వేస్తే, నెల తిరక్కుండా పంపు ఆగిపోతుంది. తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ గాలందక చచ్చి తేలిపోతాయండీ."

ఫణీంద్రగారు అక్కడి నుంచే గైడుకి ఫోన్ చేశారు. తొందరలో స్పీకర్ నొక్కారో ఏమో, అంతా ఆవిడకి వినబడింది.

"సార్... గింజ కరగట్లేదండీ."

 అవతల జగ్గారావుగారు గుసగుసగా —

"ఎవరైనా చూశారా?"

"నేను చూశానండీ."

"సోమవారం దాకా నువ్వు కూడా చూడలేదు."

వైవాకి నేనూ వెళ్లాను. బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన జీడిపప్పు నములుతూ అడిగారు.

"ప్లాస్మా మంట స్వయంగా చూశారా?"

"చూశానండీ," అన్నారు ఫణీంద్రగారు. "చాలా... భయం వేసిందండీ."

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. గింజ సంగతి ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.